కథ చెప్పించే తొందర వద్దు

"అసలేం జరిగిందో మొదటినుంచీ చెప్పండి." పరాయి దేశంలో ఉంటూ కాంప్లెక్స్ ట్రామాతో, అంటే ఏళ్ళ తరబడి సాగిన హింస మిగిల్చిన మానసిక గాయంతో, థెరపీకి వచ్చిన మన తెలుగువాళ్ళను తొలి సెషన్‌లోనే ఇలా అడగడం తప్పని మా అభిప్రాయం. ఒక్క యాక్సిడెంటు చూసి బెదిరినవాళ్ళ సంగతి వేరు. చిన్నప్పటినుంచీ ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళకు, అయినవాళ్ళ చేతుల్లోనే లైంగిక హింసకు గురైనవాళ్ళకు, కాపురమంతా భయంతో గడిపినవాళ్ళకు ముప్పు వచ్చింది మనుషుల నుంచి. ఎదురుగా కూర్చున్న థెరపిస్టూ మనిషే కదా.

2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 ఈ బాధకు 'కాంప్లెక్స్ పీటీఎస్‌డీ' అని విడిగా పేరు పెట్టింది. జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉండటం, గుర్తుచేసేవాటికి దూరంగా తిరగడం, ఏదో ముంచుకొస్తుందన్న భయం మామూలు పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక వదలకుండా వేధించే మానసిక సమస్య) లక్షణాలు. వీటికి తోడు ఇంకో మూడుండాలి: కోపమూ దుఃఖమూ పట్టు తప్పడం, 'నేను దేనికీ పనికిరాను' అన్న నమ్మకం పాతుకుపోవడం, ఎవరితోనూ దగ్గరగా ఉండలేకపోవడం. అమెరికాలో వాడే మానసిక వ్యాధుల జాబితా డీఎస్ఎం-5లో దీనికి విడి పేరు లేదు. ఈ బాధను గుర్తించక ఏళ్ళ తరబడి డిప్రెషన్ పేరుతోనే మందులు వాడేవాళ్ళూ ఉంటారు.

ముందు భద్రత, తర్వాత జ్ఞాపకాలు, ఆపైన నలుగురిలో కలవడం అని అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ 1992లోనే వరస చెప్పారు. మొదటి దశను సాగదీస్తే అసలు వైద్యం ఆలస్యమవుతుందనే పరిశోధకులూ ఉన్నారు. ఆ మాటలో న్యాయముంది. కాబట్టి క్యాలెండర్ చూసి కాదు, మనిషిని చూసి ముందుకెళ్ళాలి. కొట్టే మనిషితో ఇంకా ఒకే ఇంట్లో ఉంటే మాత్రం పాత జ్ఞాపకాలు తవ్వడం కన్నా ముందు పాస్‌పోర్టు, వీసా కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, కొంత నగదు ఎక్కడున్నాయో చూసుకోవాలి. వాటి ఫోటోలు భర్త కూడా చూడగలిగే అకౌంటులో పెడితే అసలుకే ప్రమాదం. డిపెండెంట్ వీసా (భర్త లేదా భార్య వీసాపై ఆధారపడినది) మీద ఉన్నవాళ్ళు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడటాన్ని కూడా థెరపీలో భాగంగానే చూడాలి.

50 నిమిషాల సెషన్ అనుకుందాం. మొదటి 15 నిమిషాలు వారం ఎలా గడిచిందో వినడానికి, మధ్య 20 బరువైన విషయానికి, చివరి 15 మళ్ళీ కుదుటపడటానికి. తరచూ జరిగే పొరపాటు 45వ నిమిషంలో ఉంటుంది. లేవబోతూ క్లయింట్ పెద్ద మాట ఒకటి బయటపెడతారు, థెరపిస్ట్ దాని వెంట పడతారు. ఆ మనిషి వణుకుతూ కారెక్కి హైవే మీదికి వెళ్తారు. "ముఖ్యమైన మాట చెప్పారు. వచ్చేవారం దీంతోనే మొదలుపెడదాం" అని అక్కడికి ఆపాలి.

మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు ఒకచోట నిలిచిపోయి, గొంతు సన్నబడి, "ఆఁ, ఏమన్నారు?" అంటున్నారంటే మనిషి గదిలో లేరన్నమాట. అప్పుడు ఇంకో ప్రశ్న వేయకూడదు. పేరు పెట్టి పిలవాలి. మడమలు నేలకు గట్టిగా నొక్కమనాలి, చల్లటి నీళ్ళ గ్లాసు చేతికివ్వాలి, ఈరోజు ఏ వారమో ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పించాలి. కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమనడం మనవాళ్ళకు అలవాటైన సలహా. కానీ కళ్ళు మూస్తే పాత గదే కనిపించేవాళ్ళున్నారు, ఒకప్పుడు గొంతు నులిమించుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు ప్రాణాయామమే భయాన్ని లేపుతుంది. కళ్ళు తెరిచే ఉంచనివ్వండి.

ఇక భాష. "సరేనండీ, మీ ఇష్టం" అన్న మాటను ఒప్పుకోలుగా తీసుకోవద్దు. ఎదురు చెబితే దెబ్బలు పడిన ఇంట్లో నేర్చుకున్న జవాబది. "ఇది చేద్దామా?" అనే బదులు "ఇదా, అదా, ఈరోజుకి రెండూ వద్దా?" అని అడిగితే 'వద్దు' అనడానికి దారి దొరుకుతుంది. "నరాల బలహీనత", "అరికాళ్ళ మంటలు", "గుండె దడ" అంటే కొట్టిపారేయకుండా, డాక్టరు చూశారా అని అడిగి, ఆ మంట ఎప్పుడు ఎక్కువవుతుందో కనుక్కోవాలి. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు కాస్త దూరం ఉంటుంది, తెలుగులోకి రాగానే ఆ వేడి తగులుతుంది. ఏ భాషలో చెప్పాలన్నది క్లయింటుకే వదిలేస్తే, ఇంగ్లీషు బ్రేకులా పనికొస్తుంది. అనువాదానికి భర్తనో కూతురినో ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు. వృత్తిగా అనువాదం చేసేవాళ్ళయినా, వేరే రాష్ట్రం నుంచి ఫోన్లో మాట్లాడేవాళ్ళయితే మేలు. ఇక్కడ ఒక ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

అందుకే తొలి సెషన్‌లోనే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఉగాది వేడుకల్లో ఎదురుపడితే పలకరించాలా వద్దా? నిర్ణయం క్లయింటుదే. వాళ్ళు ముందు పలకరిస్తే తప్ప థెరపిస్ట్ పలకరించకూడదు. భోజనాల వరసలో ఎవరైనా "ఈయన మీకెలా తెలుసు?" అంటే ఇద్దరూ ఏం చెప్పాలో కూడా ఆ రోజే అనుకుని పెట్టుకోవాలి.