ఏరు మింగిన ఇంటికి పట్టా చూపించమంటారు

గాలివానకు ఇల్లు కూలితే అది తుఫాను నష్టం. నీళ్లు నిలిచి గోడ పడిపోతే వరద నష్టం. ఇంటి కింద నేలే కోసుకుపోయి, గోడలూ గడపా కొబ్బరిచెట్లూ కలిసి గోదావరిలోకి జారిపోతే మాత్రం దానికి ఏ పద్దూ లేదు. విపత్తు సహాయ నిధి కోసం 2021–26 కాలానికి కేంద్రం గుర్తించిన విపత్తులు పన్నెండు. తుఫాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మంచుచరియలు, మేఘవిస్ఫోటం, చీడల దాడి, చివరికి చలిగాలులు కూడా ఉన్నాయి. ఏటికోత లేదు. కోనసీమ మీద మంచుచరియలు విరిగిపడితే మాకు సాయం అందుతుందన్నమాట.

మాది గౌతమీ పాయలో ఒక లంక. పేరు రాయను, రాసినా పెద్ద తేడా ఉండదు. ఆ ఖాళీలో గురజాపులంక అని రాసుకోండి, పుచ్చల్లంక అని రాసుకోండి, అయోధ్యలంక, బూరుగులంక, ఊడిమూడిలంక, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఎదురుమొండి, ఏదైనా సరే. చుట్టూ నీళ్లు, నడుమ బంగారం పండే బొండుమట్టి, దాని మీద ఇళ్లు. ఏటిగట్టుకు అవతల ఉన్న ఊళ్లకు గట్టు కాపలా. మేము గట్టుకు ఇవతల, ఏటి కడుపులో ఉంటాం.

వరద అనగానే అందరికీ నీళ్లు పెరుగుతున్న రోజులే గుర్తొస్తాయి. టీవీల వాళ్లు అప్పుడే వస్తారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అప్పుడు డ్రోన్లతో పైనుంచి తీసిన మా ఇళ్ల బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు, కొబ్బరి తలల మధ్య పెంకుటింటి కప్పులు, ఎంతో అందంగా. కానీ కోత ఎక్కువగా పడేది నీళ్లు తీసేటప్పుడు. రోజుల తరబడి నానిన ఒడ్డును అంతవరకూ పక్కనున్న ప్రవాహమే ఆనుకుని నిలబెడుతుంది. ఏరు గబగబా తగ్గేసరికి ఆ ఆసరా పోతుంది, లోపలి నీరు మట్టినంతా బరువెక్కించి ఉంచుతుంది, ఒడ్డు నిలువునా చీలి పడిపోతుంది. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి. నష్టం లెక్క రాసుకునేవారు కూడా చాలాసార్లు వెళ్లిపోయి ఉంటారు. వరద పోయిన వారానికో పది రోజులకో పడిన ఇల్లు వరదలో పడినట్టా కాదా? ఈ ప్రశ్నకు జవాబు ఏ అధికారి మంచితనాన్ని బట్టి ఆ అధికారిది.

మా మేనమామ ఇల్లు అలా పోయినదే. మొదట పెరడు పోయింది, మరో ఏడు పశువుల పాక, ఆ తరువాత వంటిల్లు. వంటిల్లు పడ్డాక ఆయన మిగిలిన రెండు గదుల తలుపులూ కిటికీలూ ఊడదీసి, దూలాలు దించి, మూడో ఇంటివాళ్ల అరుగు మీద పేర్చాడు. ఏరు తీసుకుపోయే లోపు తన ఇల్లు తానే కూల్చుకున్నాడు. పరిహారం కోసం దరఖాస్తు పెడితే ఒక ఉద్యోగి అడిగిన మొదటి మాట, "ఇల్లు పూర్తిగా పడిపోయిందా, లేక మీరే పడగొట్టారా?" రెండో మాట, "స్థలానికి పట్టా ఉందా?"

"స్థలమే లేదండీ, పట్టా ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?" అన్నాడు మామయ్య.

ఆ ఉద్యోగిని నేను తిట్టను. ఆయన ముందున్న కాగితంలో ఆ గడులే ఉన్నాయి. లంక భూమి అంటేనే చిక్కుముడి. కొంత పట్టా, కొంత ప్రభుత్వం కౌలుకు ఇచ్చినది, కొంత దళిత రైతుల సహకార సంఘాలు సాగు చేసుకున్నది, కొంత ఏరు ఒకచోట తీసుకుని మరోచోట మేట వేసినది. ఏటి పోరంబోకు ఆక్షేపణీయ భూమి కింద లెక్క, అక్కడ ఎన్ని తరాలు కాపురం ఉన్నా క్రమబద్ధీకరణ ఉండదు. పట్టా ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా వింత. కాగితం మీద వాళ్లకు అర ఎకరం ఉంటుంది, నిలబడడానికి అడుగు నేల ఉండదు. భూమి ఉన్నవాళ్లు కాబట్టి కొన్ని పథకాలకు అనర్హులు, ఇల్లు కట్టుకోవడానికి చోటు లేదు కాబట్టి మరికొన్నిటికి అనర్హులు.

సరే, వీళ్లను ఇల్లు లేనివాళ్లుగా అయినా లెక్కిస్తారా అంటే అదీ లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో నిరాశ్రయులు సుమారు 17.7 లక్షలు. ఆ లెక్క ఎవరిది? రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, మెట్ల కింద, గుడి మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, హ్యూం పైపుల్లో పడుకునేవాళ్లది. లంకలో ఇల్లు పోయినవాడు హ్యూం పైపులో పడుకోడు. బావమరిది వసారాలో పడుకుంటాడు. అన్నగారి కొబ్బరి పాకలో ఉంటాడు. ఏటిగట్టు మీద రేకుల షెడ్డు వేసుకుంటాడు, రెండేళ్లకు దానికి ఇంటి నంబరు కూడా వస్తుంది. ఒక కప్పు కింద మూడు పొయ్యిలు వెలుగుతున్న ఇళ్లు మా ఊళ్లో నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. చుట్టరికం ఉన్నంతకాలం మా నిరాశ్రయత ఎవరి కంటా పడదు. చుట్టం ఇంటి చూరు కింద కోడలు ఎన్నేళ్లు కాపురం చేయగలదో జనగణన పత్రంలో గడి ఉండదు.

ఇప్పుడు అసలు కడుపుమంట, డబ్బు సంగతి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చేది 1.20 లక్షలు. కొండ ప్రాంతాలకూ దుర్గమ ప్రాంతాలకూ 1.30 లక్షలు. మన రాష్ట్రంలో ఎక్కువగా వినిపించిన మొత్తం 1.80 లక్షలు, ఉపాధి హామీ కూలి కలుపుకుని. 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనం అన్నారు. మంచిదే. కానీ రోడ్డు పక్కన ఇల్లు కట్టేవాడికీ లంకలో కట్టేవాడికీ ఒకటే ధర. లంకలో ఇల్లు కట్టడం అంటే ఏమిటో ఈ మొత్తాలు ఖరారు చేసినవాళ్లలో ఎవరైనా ఒక్క సిమెంటు బస్తా వెంట నడిచి చూశారా అని నా అనుమానం.

ఆ బస్తా వెంట నడుద్దాం రండి. లారీ గట్టు మీద ఆగిపోతుంది. అక్కడ దించడానికి ఒక కూలి. రేవు దాకా మోసి పడవలో వేయడానికి ఒక కూలి. పడవ కిరాయి. అవతలి ఒడ్డున దించడానికి ఒక కూలి. అక్కడి నుంచి ట్రాక్టరు ఉంటే ట్రాక్టరు, లేకపోతే తల. ఇటుక కూడా అంతే, ప్రతిసారీ కొన్ని విరుగుతాయి. ఇనుము అంతే. కంకర అంతే. పంటు, అంటే బండ్లు దాటించే బల్లకట్టు, తిరిగే రేవైతే కొంత నయం, లారీయే పంటు ఎక్కుతుంది, దాని కిరాయి దానిది. మేస్త్రీ అవతలి ఊరివాడైతే పడవ వేళ చూసుకుని సాయంత్రం నాలుగింటికే తాపీ కడిగేస్తాడు, కూలి మాత్రం రోజంతటిదీ. ఇక ఇసుక. చుట్టూ గోదావరి ఇసుక, కళ్లెదుట తిన్నెలు. అయినా ఇసుక తవ్వకానికి అనుమతి ఉన్న రీచ్‌ నుంచి రావాలి, వచ్చి మళ్లీ ఏరు దాటాలి. మా ఒడ్డు పక్కనే పాయలో యంత్రాలు పెట్టి తోడుకుపోయే ఇసుక సంగతి ఇక్కడ ఎత్తితే ఈ పోస్ట్ దారి తప్పుతుంది, కాబట్టి ఎత్తను. మీకు అర్థమైంది కదా.

కట్టడానికి కాలం కూడా అరువు తెచ్చుకున్నదే. ఏరు తగ్గాక పాయకు అడ్డంగా తాత్కాలిక బాట వేస్తారు. పి.గన్నవరం వైపు లంకల్లో ఏటేటా జరిగే తంతే ఇది: జూలైలో మొదటి ఎర్రనీరు రాగానే ఆ బాట కొట్టుకుపోతుంది, మళ్లీ పడవలు. అంటే సామాను చేరవేసుకోవాలంటే ఎండాకాలమే గతి. సిమెంటు, ఇటుక, మేస్త్రీ, మూడూ పిరమయ్యేది సరిగ్గా అప్పుడే, ఎందుకంటే జిల్లా అంతా అప్పుడే కడుతుంది.

బిల్లులు దశలవారీగా వస్తాయి. పునాది లేచాక కొంత, తరువాత మరికొంత, శ్లాబు పడ్డాక మిగతాది. మెరక ప్రాంతంలో రెండడుగుల పునాది సరిపోతుంది. మాకు 1986 ఆగస్టు వరద గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. వాళ్లు నిలువెత్తు పునాది లేకుండా గోడ మొదలుపెట్టనివ్వరు. ఆ ఎత్తుకు రాయి, మట్టి, సిమెంటు పోసేసరికి మొత్తం సాయంలో సింహభాగం నేల మట్టం దాటకుండానే ఖర్చయిపోతుంది. మీరు లంకల్లోకి వస్తే ఎత్తయిన పునాదులు, వాటి మీద కొబ్బరాకు పాకలు కనిపిస్తాయి. బయటివాళ్లు చూసి "సాయం తిని ఇల్లు కట్టలేదు" అంటారు. తిన్నది ఎవరు? పునాది తిన్నది.

"అంత కష్టమైతే అక్కడెందుకు, గట్టు దాటి వచ్చేయండి" అనే సలహా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎక్కువగా హైదరాబాదులో పదో అంతస్తులో కూర్చున్నవారి నుంచి వస్తుంది, అందులో మా చుట్టాలూ ఉన్నారు. వచ్చేస్తాం, ఎక్కడికి? కోనసీమలో గట్టుకు అవతల ఖాళీ నేల ఎక్కడుంది? కొబ్బరి తోట, వరి చేను, ఇల్లు, కాలువ, మళ్లీ కొబ్బరి తోట. ప్రభుత్వ భూమి దాదాపు లేదు. ఇళ్ల స్థలాలు ఇవ్వాలంటే రైతు దగ్గర కొనాలి, కొనేది చవగ్గా దొరికేది, చవగ్గా దొరికేది పల్లం. 2020 ప్రాంతంలో రాజమండ్రి దగ్గర బూరుగుపూడి ఆవ భూముల గొడవ గుర్తుందా? ముంపు నేలను పేదల కాలనీకి కొన్నారని హైకోర్టు దాకా వెళ్లింది. ఏటి ముంపు నుంచి తప్పించి మురుగు ముంపులో పడేస్తే దానికి పునరావాసం అని పేరు.

పైగా గ్రామీణ లేఅవుట్లలో ఇచ్చింది సెంటున్నర. ఇప్పుడు మూడు సెంట్లు అంటున్నారు, ఇస్తే సంతోషం. సెంటున్నరలో మనిషి పడుకోగలడు. గేదె? కొబ్బరి ఈనెలు, డొక్కలు, కాయల రాశి, నాగలి, పడవ తెడ్డు? లంకలో కూరగాయలు పండించేవాడు తెల్లవారక ముందే తోటలో ఉండాలి. పది కిలోమీటర్ల దూరంలో ఇల్లిచ్చి రోజూ ఏరు దాటి రమ్మంటే, వాడు ఆ ఇంటికి తాళం వేసి లంకలో పాకలోనే ఉంటాడు. తరువాత ఎవరో వచ్చి "ఇచ్చిన ఇళ్లలో ఉండటం లేదు" అని నివేదిక రాస్తారు.

మావాళ్లలో వెళ్లిపోవాలనుకునేవారు లేరని కాదు. యువకుల్లో సగానికి సగం గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉన్నారు. నా అభ్యంతరం వెళ్లడం గురించి కాదు. పోలవరం ఆనకట్ట కోసం ప్రభుత్వం ఊరు ముంచితే 2013 భూసేకరణ చట్టం ఉంది. ఆ ప్యాకేజీ సరిగా అందలేదని నిర్వాసితులు ఇప్పటికీ కొట్లాడుతున్నారు, వాళ్ల బాధ తక్కువేమీ కాదు, కానీ కొట్లాడటానికి వాళ్లకు ఒక చట్టమైనా ఉంది. ఏరు ఊరు ముంచితే మేము ఎవరి మీద కొట్లాడాలి?

ఈ మధ్య స్కాట్లండ్ ద్వీపాల గురించి చదువుతుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడి బాధ వేరు. పట్నాల డబ్బున్నవాళ్లు సెలవుల ఇళ్ల కోసం కొనేస్తుంటే ఊళ్లో పుట్టిన పిల్లలకు అద్దె ఇల్లు దొరకడం లేదు. చాలా ద్వీపాలున్న అర్గైల్ అండ్ బ్యూట్ అనే జిల్లా మండలి 2023లో గృహ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అక్కడ ఇళ్లు మింగేది డబ్బు, ఇక్కడ గోదావరి. అయితే వాళ్లకు 2018లో చేసుకున్న ద్వీపాల చట్టం ఉంది. మిగతా ప్రాంతాల కంటే ద్వీపవాసుల మీద వేరుగా ప్రభావం చూపేలా ఉన్న ఏ కొత్త విధానమైనా తెచ్చేముందు ఆ ప్రభావాన్ని మదింపు చేయాలని అందులో ఉంది. దానితో అక్కడ స్వర్గం దిగిరాలేదు. కానీ "లంకలో సిమెంటు బస్తా ఎంత పడుతుంది?" అనే ప్రశ్న అక్కడ ఎవరో ఒకరు అడగక తప్పదు.

అంత దూరం ఎందుకు, అస్సాం చూడండి. 1950 నుంచి 4 లక్షల హెక్టార్లకు పైగా నేలను నదులు తీసుకున్నాయని వాళ్ల ప్రభుత్వమే చెబుతుంది. మాజులి ద్వీపంలో నేల పోయినవాళ్లు కరకట్టల మీద తరాలు గడిపారు. కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం సూచించే 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు విడిగా సూచించింది. అంటే ఢిల్లీలో ఈ బాధకు ఒక పద్దు పుట్టింది. మా మండలంలో ఆ మాట ఎత్తితే "అలాంటిది ఒకటుందా?" అని తిరిగి నన్నే అడిగారు.

నేను అడిగేవి ఆకాశంలో చుక్కలు కావు. ఇళ్ల పథకాల్లో లంక గ్రామాలను దుర్గమ ప్రాంతాలుగా గుర్తించండి. పది వేలే పెరుగుతుంది, నాకు తెలుసు, అది పడవ కిరాయికి కూడా చాలదు, కానీ లంక వేరు అని కాగితం మీద మొదటిసారి ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎత్తు పునాదికి విడిగా బిల్లు ఇవ్వండి. విపత్తు నిధిలో పది శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది, దాన్ని ఏటికోతకు వాడండి. నీళ్లు తీసిన నెలకు మరోసారి వచ్చి నష్టం రాసుకోండి. స్థలాలు ఇచ్చేటప్పుడు రేవుకు దగ్గరగా ఇవ్వండి, తక్కువ మందికే అయినా సరే.

గోదావరి, కృష్ణ లంకల్లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక పని చేయండి. మీ ఊళ్లో ఏరు తీసుకున్న ఇళ్ల జాబితా రాయండి: ఇంటి యజమాని పేరు, సర్వే నంబరు ఉంటే అది, ఏ ఏడు పోయింది, ఇప్పుడు ఎవరి వసారాలో ఉంటున్నారు. దాన్ని వచ్చే గ్రామసభలో చదివించి తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి. మా ఊళ్లో మొదలుపెట్టాం. మొదటి పేరు మామయ్యది కాదు, ఆయన ఒప్పుకోలేదు. తనకంటే ముందు పోయిన ఇళ్లు ఉన్నాయట, వరసలో రాయమన్నాడు.