ఆ ఒక్క లెన్సుతో రాత్రి పెళ్లి తీయించకండి

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో అదే మెసేజ్, ఈ వారం నాలుగోసారి: "18-400 లెన్సు ఒక్కటి కొంటే చాలు. సిరిమాను, పక్షులు, పెళ్లిళ్లు అన్నీ దాంతోనే. ఎక్కడైనా ఒకటే క్వాలిటీ. చీకటైతే వీఆర్ చూసుకుంటుంది. మిగతా లెన్సులు దండగ, ఈ రహస్యం కంపెనీలు చెప్పవు." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

రహస్యమేమీ లేదు. 18 ఎంఎం దగ్గర విశాలంగా, 400 దగ్గర దూరపువాటిని దగ్గరగా చూపించే జూమ్ లెన్సది. టామ్రాన్ కంపెనీ 2017లోనే దాన్ని తెచ్చింది, అన్నీ ఒక్కదాంట్లోనే అని చెప్పుకునే అమ్మింది.

క్వాలిటీ ఒకటే కాదు. 18 దగ్గర కోట గోడ వంగుతుంది, 400 దగ్గర ఈకల గీతలు మెత్తబడతాయి. వంపుని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, మిగతాది ఫోన్‌లో చూసేవాళ్లకి తెలియదు. దీనికి గొడవ అక్కర్లేదు.

నాకు మండేది వీఆర్ మాటకి. వీఆర్ అంటే లెన్సులో కుదుపు తగ్గించే ఏర్పాటు, టామ్రాన్ దాన్నే వీసీ అంటుంది. అది ఆపేది మీ చేతి వణుకుని. తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి చేతిని అదెలా ఆపుతుంది? ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది, జూమ్ చేసేకొద్దీ ఈ లెన్సు ఎఫ్/6.3కి దిగిపోతుంది. ఎఫ్/1.8 ఉన్న 50 ఎంఎం లెన్సుతో పోలిస్తే లోపలికొచ్చే వెలుగు పన్నెండో వంతు. 50తో షట్టర్ సెకనులో 250వ వంతు తెరిస్తే సరిపోయేచోట, అదే ఐఎస్ఓలో, అంటే వెలుగుని పట్టే అదే సెట్టింగులో, ఈ లెన్సుకి 20వ వంతు కావాలి. అంతసేపట్లో చెయ్యి కదలదా? తల తిప్పరా? ఐఎస్ఓ పెంచమంటారా? 1600 ఉన్నది 20 వేలకి పోతుంది, మొహం నిండా గింజలే. విజయనగరం పైడితల్లి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను సంగతీ అంతే. చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. పూజారి ఊగుతూనే ఉంటారు, వెలుగు తగ్గుతూనే ఉంటుంది. మెసేజ్ రాసినాయన ఆ గుంపులో ఒక్కసారైనా నిలబడ్డాడా?

మా మేనల్లుడు ఇది నమ్మి వాయిదాల మీద ఆ లెన్సు కొన్నాడు. రాజాం దగ్గర రాత్రి ముహూర్తం పెళ్లి ఒప్పుకున్నాడు. ఆల్బం చూసి పెళ్లికూతురి తండ్రి, "ఏటిది బాబూ, మొకాలే ఆనవాలు తెలీట్లేదు" అన్నారట. ఆ ముహూర్తం మళ్లీ వస్తుందా? అడ్వాన్సు వెనక్కిచ్చి వచ్చాడు. ఇది ఫార్వర్డ్ చేసిన ప్రతివాళ్లూ ఆ తండ్రి మాట ఒకసారి తలుచుకోండి.

పక్షుల విషయంలో మాత్రం మెసేజ్ చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూడబాతులు పెద్దవి, పగటి ఎండ దండిగా ఉంటుంది, 400కి బాగా అందుతాయి. మా హాల్లో ఉన్న గూడబాతు ఫోటో మేనల్లుడి లెన్సుతో నేను తీసిందే. కళింగపట్నం సముద్రపొడ్డున ఇసకగాలిలో లెన్సు మార్చి సెన్సర్ మీద దుమ్ము పోసుకోవడం కన్నా ఇదొక్కటే పట్టుకెళ్లడం మేలు. సరదాగా తిరిగేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోండి.

మేనల్లుడు ఆ లెన్సు అమ్మలేదు. రాత్రి పెళ్లిళ్లకి నా 50 పట్టుకెళ్తున్నాడు, పందిట్లో దగ్గరకెళ్లి నిలబడి తీస్తున్నాడు. వాయిదాలు ఇంకా ఏడు కట్టాలి.