3 లక్షలతో టిఫిన్ సెంటర్, నెలకి లక్షన్నర లాభం అన్న మెసేజ్ నమ్మకండి

బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. జాబ్ మానేసి 3 లక్షలతో ఆంధ్రా టిఫిన్ సెంటర్ పెట్టండి, రోజుకి 200 ప్లేట్లు, ప్లేటు 50, నెలకి 3 లక్షల సేల్, సగం లాభం, చిన్న షాపుకి 40 లక్షల దాకా జీఎస్టీ లేదు, మీకు మీరే బాస్ అని. నేను మారతహళ్లి దగ్గర రెండేళ్ళుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నా. మా ఊరి పిల్లాడొకడు ఇది చూసి "అన్నా, పీఎఫ్ తీసేస్తున్నా" అని ఫోన్ చేశాడు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఆ 3 లక్షల సంగతి. ఇక్కడ షాపు అడ్వాన్స్ పది నెలల అద్దె అడుగుతారు. నా అద్దె 40 వేలు, బతిమాలితే ఓనరు 8 నెలలకి దిగాడు, అంటే 3 లక్షల 20 వేలు. పొయ్యి వెలిగించకముందే వాళ్ళు చెప్పిన పెట్టుబడి దాటిపోయింది, గ్రైండరు, పెనం, కౌంటరు, గ్యాస్ లైను అన్నీ దాని మీద. బోర్డు కూడా, అందులో 60 శాతం కన్నడ ఉండాలి, ముందే చూసుకుని రాయించండి.

సగం లాభం అన్నది మాత్రం పచ్చి అబద్ధం. నిజంగానే 3 లక్షలు సేల్ అయిందనుకోండి, నా షాపు ఖర్చులతో లెక్కేస్తే సరుకులకి లక్షా 25 వేలు, అద్దె 40, మాస్టరుకీ ఇద్దరు హెల్పర్లకీ కలిపి 58, కమర్షియల్ సిలిండర్లు 20, కరెంటు, నీళ్ళ ట్యాంకరు 9. మిగిలేది 48 వేలు.

అందులోంచి జీఎస్టీ. 40 లక్షల లిమిట్ సరుకులు అమ్మే షాపులకి, టిఫిన్ పెట్టడం సర్వీసు కింద వస్తుంది, మనకి 20 లక్షలే. రోజుకి 5,500 సేల్ అయితే చాలు ఏడాదిలో దాటేస్తాం, వాళ్ళు చెప్పే సేల్ అయితే ఏడాదికి 36 లక్షలు! రేటు 5 శాతం, కొన్న సరుకు మీద కట్టిన టాక్స్ వెనక్కి రాదు. టాక్స్ కలిపి ప్లేటు 50కే అమ్మితే నెలకి 14 వేలు మన చేతిలోంచే పోతాయి. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడి చిన్న షాపులకి నోటీసులొస్తే ఎంతమంది స్కానర్లు తీసేసి క్యాష్ ఓన్లీ అని పెట్టారో కళ్ళారా చూశా. వాళ్ళెవరూ దొంగలు కాదు, ముందు చెప్పినవాళ్ళు లేరు అంతే.

రోజూ 200 ప్లేట్లా? నాకు మొదటి నెల 60 దాటలేదు. మన కస్టమర్లు పీజీ పిల్లలు, సంక్రాంతికి, దసరాకి, లాంగ్ వీకెండ్ వస్తే బస్సెక్కేస్తారు, వీధి ఖాళీ, అద్దె మాత్రం ఆగదు. మాస్టరు కూడా అదే సంక్రాంతికి ఊరెళ్తాడు. అప్పుడు తెల్లారి మూడున్నరకి లేచి పిండి కలిపేది మనమే, ఇక బాస్ ఎవరు?

ఆ పిల్లాడికి ఒకటే చెప్పా. పీఎఫ్ ముట్టుకోకు, సోమవారం ఒకరోజు, శనివారం ఒకరోజు పొద్దున 6 నుంచి 10 దాకా నా కౌంటరు దగ్గర నిలబడి ప్లేట్లు లెక్కపెట్టు అన్నా. ఈ శనివారం వస్తున్నాడు.