చిట్టా, ఆవర్జా, ముగ్గురు క్లయింట్లు

మూడు చోట్ల రిమోట్‌గా పని చేస్తున్నానని తెలియగానే చాలామంది నన్ను ఏ యాప్ వాడుతున్నావని అడుగుతారు. రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం, ఒక నీలం పెన్ను అని చెబితే వాళ్ల ముఖం చిన్నబోతుంది. కాసేపటికి గొంతు తగ్గించి, ఒకళ్ల సంగతి ఇంకొకళ్లకు తెలియకుండా ఎలా నెట్టుకొస్తున్నావని రెండో ప్రశ్న వేస్తారు. నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ రెండో ప్రశ్న కోసమే, ఎందుకంటే తెలియకుండా నెట్టుకురావాలనుకునేవాళ్లకు ఏ యాప్ అయినా, ఏ పుస్తకమైనా పనికిరాదని అనుభవం మీద తెలుసుకున్నాను.

నేను రాజమండ్రిలో ఇంట్లోంచి పని చేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. బెంగళూరు కంపెనీ ఒకదానికి వారానికి 12 గంటలు, లండన్ కంపెనీకి 15, న్యూజెర్సీలో ఒక తెలుగాయన నడిపే చిన్న సంస్థకు 10, వెరసి 37 గంటలు ఇస్తాను. ఎవరికీ ఉద్యోగిని కాను. ముగ్గురితోనూ ఉన్నది కాంట్రాక్టే. తనతో పాటు ఇంకో ఇద్దరు ఉన్నారని ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పాను, వాళ్లెవరో మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని అష్టావధానం అని మురిసిపోతారు గానీ, ఆ పోలిక నాకు మింగుడు పడదు. అవధానికి ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉన్నా, వాళ్లంతా ఒకే వేదిక మీద కూర్చుంటారు, తమ వంతు వచ్చేదాకా ఆగుతారు. అవధాని ఆవృత్తికి, అంటే చుట్టుకు, ఒక్కో పాదం చొప్పున చెబుతూ నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తి చేసి, చివర ధారణలో అన్నీ అప్పజెబుతాడు. వంతుతో నిమిత్తం లేకుండా మధ్యలో నోరు విప్పే హక్కు అక్కడ అప్రస్తుత ప్రసంగం చేసేవారికి మాత్రమే ఉంటుంది. నా ముగ్గురు క్లయింట్లూ అప్రస్తుత ప్రసంగులే. పైగా ఒకరు మాట్లాడుతున్నట్టు మరొకరికి వినిపించదు. ఇటువంటి సభలో ధారణ మీద ఆధారపడితే ఏమవుతుందో పోయిన ఏడాది మార్చిలో నాకు బాగా తెలిసివచ్చింది.

లండన్ వాళ్ల రోజువారీ కాల్ అక్కడి మధ్యాహ్నం ఒకటిన్నరకు, న్యూజెర్సీ కాల్ అక్కడి ఉదయం తొమ్మిదిన్నరకు జరుగుతాయి. చలికాలంలో ఇవి మనకు రాత్రి 7, 8 గంటలకు వస్తాయి, ఎండాకాలంలో 6, 7 గంటలకు వస్తాయి. ఎప్పుడు చూసినా మధ్యలో గంట ఎడం ఉంటుంది కనుక నేను నిశ్చింతగా ఉన్నాను. కాని అమెరికా తన గడియారాలను మార్చి రెండో ఆదివారం ఎండాకాలం కోసం గంట ముందుకు జరుపుతుంది, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం దాకా కదలదు. 2025లో ఆ తేదీలు 9, 30. ఆ మూడు వారాల పాటు నా రెండు కాల్స్ మనకు సరిగ్గా ఏడింటికే వచ్చి కూర్చున్నాయి. ఇద్దరి క్యాలెండర్లూ వేరు వేరు ఖాతాల్లో ఉన్నందువల్ల దేనికది ఖాళీగా, అందంగా కనిపించింది.

10వ తేదీ సోమవారం రాత్రి ఏడు గంటలకు ల్యాప్‌టాప్‌లో లండన్, ఫోన్‌లో న్యూజెర్సీ ఒకేసారి మోగాయి. కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి పెట్టుకుని గట్టెక్కుదామనుకున్నాను. న్యూజెర్సీ ఆయన, "చెల్లెమ్మా, ఆ పేమెంటు బగ్ సంగతి ఏమైంది?" అని అడిగారు. నేను ల్యాప్‌టాప్‌లో మ్యూట్ తీసి, ఏడుగురు ఇంగ్లీషువాళ్లు వింటూ ఉండగా, "అన్నయ్యా, దాన్ని శుక్రవారమే మూసేశాను" అని స్పష్టమైన తెలుగులో జవాబు చెప్పాను. లండన్ వైపు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫోన్‌లో ఆయన మాత్రం, "అమ్మా, ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఆ రాత్రి ఇద్దరికీ జరిగింది జరిగినట్టు రాశాను. మరో క్లయింట్ ఉన్న సంగతి ఇద్దరికీ ముందే తెలుసు కనుక అబద్ధం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. న్యూజెర్సీ కాల్ ఆ మూడు వారాలకు గంట పక్కకు జరిగింది, విషయం అంతటితో ముగిసింది. రెండు పూర్తికాలపు ఉద్యోగాలు గుట్టుగా చేస్తున్నవారికి ఇదే జరిగితే కరెంటు పోయిందని చెప్పాలి, ఎవరికి ఏ రోజు పోయిందని చెప్పారో గుర్తుపెట్టుకోవాలి, పనిలో ఉన్నట్టు కనిపించడానికి మౌస్‌ను తనంతట తాను కదిలించే పరికరం కొనాలి. వాళ్ల బుర్రలో సగం ఈ లెక్కలకే ఖర్చయిపోతుంది. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని తొలగించామని చెప్పినప్పుడు అది న్యాయమా అన్యాయమా అని అందరూ వాదించుకున్నారు. కంపెనీలు ఇచ్చే జీతాల సంగతి చూస్తే ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం రాదు. అయినా ఒకే యూఏఎన్ (ఉద్యోగికి ఉండే పీఎఫ్ నంబరు) కింద రెండు పీఎఫ్ ఖాతాలు వచ్చి చేరే దేశంలో గుట్టు ఎన్నాళ్లు దాగుతుందని వాళ్లు అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక పుస్తకం సంగతి చెబుతాను. మా తాతగారికి కిరాణా దుకాణం ఉండేది. పగలంతా ఎవరు ఏం పట్టుకెళ్లినా, ఎవరు ఎంత జమ చేసినా జరిగిన వరుసలోనే చిట్టాలో రాసేవారు. రాత్రి దుకాణం కట్టేశాక దాన్ని ముందు పెట్టుకుని ఎవరి పద్దు వారి పేజీకి ఆవర్జాలోకి ఎక్కించేవారు. నేను చేస్తున్నది అక్షరాలా అదే. పగలు ముగ్గురి పనీ ఒకే పేజీలో, గడియారం వరుసలో పడుతుంది. ఉదాహరణకు నిన్నటి పేజీలో ఒక పద్దు ఇలా ఉంది: "11.40, లండన్. ఇన్‌వాయిస్ పరీక్ష ఆపాను. మూడో వరుసలో తేదీ ఖాళీగా వస్తోంది, నెల చివరి తేదీ ఇచ్చి చూడాలి." అందులో విలువైనదల్లా చివరి ముక్క. ఒక పని ఆపి రెండోదానిలోకి వెళ్లేముందు, తిరిగి వచ్చినప్పుడు మొట్టమొదట ఏం చేయాలో రాసిపెట్టకపోతే, మర్నాడు ఆ దారం దొరకబుచ్చుకోవడానికే అరగంట పడుతుంది. ఆ అరగంటకు బిల్లు వేయడానికి నాకు మనసొప్పదు. రాత్రి పడుకోబోయే ముందు పావుగంట కూర్చుని పద్దులను ముగ్గురి పేజీల్లోకి ఎక్కిస్తాను, అప్పుడు ఎవరి గంటలు ఎంత మిగిలాయో కళ్లకు కడుతుంది.

మిగిలిన ఏర్పాట్లు చిన్నవి. బ్రౌజర్‌లో ఒక్కో క్లయింట్‌కు ఒక్కో ప్రొఫైల్, ఒక్కో రంగు పెట్టుకున్నాను. మూడు క్యాలెండర్ల సమయాలూ నా సొంత క్యాలెండర్‌లో పేర్లు లేకుండా, నిండిన గళ్లుగా మాత్రమే కనిపిస్తాయి. విదేశాల నుంచి వచ్చే డబ్బులో వాళ్లు టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయరు కనుక, వచ్చిన రోజే పన్ను వాటాను వేరే ఖాతాలోకి తోసేస్తాను. లేకపోతే మార్చి 15 నాటికి ముందస్తు పన్ను కట్టడానికి మెడలో గొలుసు వైపు చూసుకోవాలి.

పుస్తకం ఆపలేనిది ఒక్కటే, న్యూజెర్సీ అన్నయ్యగారి ఆదివారపు ఫోను. తెలుగువాళ్లం కాబట్టి వేళాపాళా పట్టింపు ఉండదన్నది ఆయన నమ్మకం. "ఒక్క ఐదు నిమిషాలు చెల్లెమ్మా" అని మొదలైన మాట నలభై నిమిషాలు సాగుతుంది, అందులో పదిహేను నిమిషాలు ఆవకాయ అమెరికాకు పంపడం గురించే. చెల్లెలు గంటల లెక్క అడగకూడదని మొదట్లో మొహమాటపడ్డాను. ఇప్పుడు ఆవకాయ తీసేసి మిగతా ఇరవై ఐదు నిమిషాలూ చిట్టాలో రాసి, నెలాఖరున బిల్లులో చూపిస్తున్నాను. ఆయన కిక్కురుమనకుండా కడుతున్నారు.

ఈ ఏడాది అమెరికా గడియారాలు మార్చి 8న, లండన్ గడియారాలు 29న మారతాయి. ఆ మూడు వారాల పేజీల మీద ఎర్ర పెన్నుతో ముందే గీత గీశాను. ఈసారి కాల్ వేళ మార్చుకోవడం లండన్ వంతు కనుక వాళ్లకు పోయిన వారమే రాశాను. జవాబు ఇంకా రాలేదు.