అనంతపురం చీనీ తోటల్లో కాఫీ పండుతుందా? ఆ సందేశంలో నిజమెంత

‘రాయలసీమ రైతులకు శుభవార్త’ అనే సందేశం ఒకటి అనంతపురం, కడప రైతుల వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: చీనీ (బత్తాయి) చెట్ల నీడన, డ్రిప్ కింద కాఫీ బ్రహ్మాండంగా వస్తుంది. రోజూ తడి ఇస్తే ఏడాది పొడవునా పూస్తుంది. కాఫీకి తేనెటీగలతో పని లేదు, అవి మకరందం పీల్చి పూత రాల్చేస్తాయి కాబట్టి పూత మీదే మందు కొట్టాలి. ఆకు చేదు గనుక పురుగు పట్టదు. రెండో ఏడాదికే ఎకరాకు టన్ను గింజ. చివర మొక్కలు అమ్మేవారి ఫోను నంబరు. ఆ నంబరు చూస్తేనే సగం సంగతి అర్థమవుతుంది. మిగతా సగం చూద్దాం.

ముందు వాతావరణం. కాఫీలో ప్రధాన రకాలు రెండు: అరబికా, రోబస్టా. అరబికాకు అనువైనవని చెప్పేవి 15 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, వెయ్యి మీటర్లు ఆపైన ఎత్తు, 1600 మిల్లీమీటర్లకు మించిన వాన. రోబస్టా కాస్త మొండిది, కానీ దానికీ వెయ్యి మిల్లీమీటర్లు కావాలి. అనంతపురంలో కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. ఊరి ఎత్తు సుమారు 350 మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు వార్తే కాదు. డ్రిప్ వేరుకు నీళ్లివ్వగలదు, ఆకును మాడ్చే వడగాలిని ఆపలేదు. ఇక నీడ మాట. అరకులో కాఫీకి నీడనిచ్చేది ఎత్తుగా పెరిగే సిల్వర్ ఓక్. మన చీనీ చెట్టు కొమ్మలు నేలకు వంగి ఉంటాయి. పైగా దాని మొదళ్లలో నిత్యం తడి ఉంచితే కాండం నుంచి బంక కారే బంక తెగులును పిలిచి పీట వేసినట్టే.

రోజూ తడిపితే ఏడాదంతా పూస్తుందన్న మాట చీనీ రైతుకు చెప్పడం మరీ విడ్డూరం. నీళ్లు ఆపి, చెట్టును బెట్టకు గురిచేసి, తర్వాత తడి ఇచ్చి పూత తెప్పించడం మనవాళ్లకు తెలిసిన పనే. కాఫీదీ దాదాపు అదే పద్ధతి. మొగ్గలు కట్టాక ఎండు కాలంలో నిద్రాణంగా ఉంటాయి. ఆ బెట్ట తర్వాత ఒక మంచి వాన పడాలి. కర్ణాటక తోటల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పడే ఈ జల్లుల కోసమే రైతులు ఆకాశం చూస్తూ కూర్చుంటారు. అవి పడిన వారం పది రోజులకు తోట మొత్తం ఒకేసారి తెల్లగా విచ్చుకుంటుంది. జల్లు రాకపోతే రోబస్టా తోటల్లో స్ప్రింక్లర్లు తిప్పుతారు. నిత్యం తడిగా ఉంచితే మొక్కకు ఆ బెట్టే ఉండదు, పూత ఒక్కసారిగా రాదు.

తేనెటీగల సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. ఇందులో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. అరబికా తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. రోబస్టాకు అది చేతకాదు, వేరే మొక్క పుప్పొడి అందాల్సిందే. అది గాలి ద్వారానో తేనెటీగల ద్వారానో రావాలి. కర్ణాటకలోని కాఫీ జిల్లా కొడగులో పరిశోధకులు గమనించినప్పుడు ఈ పనిలో కొండ తేనెటీగలదే పెద్ద చేయి అని తేలింది. పోనీ, అరబికాకైనా తేనెటీగ దండగా? కాదు. కోస్టారికాలోని ఒక అరబికా తోటపై 2004లో వెలువడిన అధ్యయనంలో, అడవికి కిలోమీటరు లోపున్న భాగాల్లో దిగుబడి 20 శాతం ఎక్కువగా, ఒంటిగింజ కాయలు (రెండు గింజలకు బదులు ఒక్కటే ఉన్నవి) 27 శాతం తక్కువగా ఉన్నాయి. అడవి నుంచి వచ్చే తేనెటీగలే అందుకు కారణం.

తేనెటీగ వచ్చిపోయిన రెండు మూడు రోజులకు పూలు వాడి రాలడం నిజమే. రాలేవి రేకులు, పిందెలు కాదు. ఇంకో విశేషం: 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం కాఫీ పూల మకరందంలోనే కాదు, నిమ్మజాతి పూల మకరందంలోనూ స్వల్పంగా కెఫీన్ ఉంటుంది. ఆ కాస్త కెఫీన్ అందిన తేనెటీగలు పూల వాసనను ఒక రోజు తర్వాత గుర్తుపెట్టుకునే అవకాశం మూడు రెట్లు పెరిగింది. అంటే చెట్టే వాటిని మళ్లీ మళ్లీ రమ్మంటోంది, మందు డబ్బా పట్టుకుని తరిమేది మనం.

కాఫీ వేయనివారు కూడా ఈ సలహాకు భయపడాలి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు పూత మీద పడితే చచ్చేది పక్క చేనుకు వెళ్లే తేనెటీగలు కూడా. పుచ్చ, కర్బూజ తీగలకు మగపూల పుప్పొడిని కాయ కట్టే పూలకు చేర్చేది అవే. అవి లేకపోతే కాయే లేదు. పొద్దుతిరుగుడులో తాలు గింజలు పెరుగుతాయి. పూత సమయంలో మందు కొట్టకపోవడమే మేలు. తప్పనిసరైతే తేనెటీగలు గూళ్లకు చేరాక, సాయంత్రం పూట కొట్టాలి.

పురుగు పట్టదట! కాండం తొలిచే పురుగు అరబికాకు పాత శత్రువు, నీడ చాలని తోటల్లో ఇంకా రెచ్చిపోతుంది. కాయ తొలిచే పురుగు మన దేశంలో 1990లో కనిపించింది, 2025లో అరకులోనూ బయటపడింది. ఆడ పురుగు కాయ బొడ్డు దగ్గర రంధ్రం చేసి, గింజలో దూరి గుడ్లు పెడుతుంది. లోపలికి చేరాక ఏ మందూ సరిగా అందదు. ఒక్క కాయ వదలకుండా కోయడం, రాలినవి ఏరేయడం, ఎరలు పెట్టడం, పురుగును చంపే బ్యువేరియా శిలీంధ్రాన్ని చల్లడం వంటి చాకిరీతోనే అదుపులో ఉంటుంది.

ఇక టన్ను లెక్క. కాఫీ తొలి పంటకే మూడు నాలుగేళ్లు పడుతుంది. మన దేశంలో అరబికా సగటు దిగుబడి హెక్టారుకు 500 కిలోల లోపే, అంటే ఎకరాకు దాదాపు రెండు క్వింటాళ్లు. అదీ కొండల్లో, ఆ చల్లదనంలో, ఆ వానల్లో. ఆ నంబరుకు ఫోను చేసేవారు, అనంతపురంలో మూడు వేసవులు దాటి కాపుకొచ్చిన కాఫీ తోట ఒక్కటి చూపించమని అడగండి. అడ్వాన్సు సంగతి ఆ తర్వాత.