‘టక్’ అనే టక్కరికి

టక్ గారికి,

నమస్కారం. తమరి పలుకుబడి మామూలుది కాదు. వెనకాల ముప్పై టన్నుల ట్రైలర్, ముందు దాన్ని లాగే బండి, రెంటి మధ్యా చెల్లుబాటయ్యేది తమరి మాటే. మేం రివర్స్‌లో ట్రైలర్ కిందికి దూరతాం, లోపల ఇనుప దవడలు మూసుకుంటాయి, తమరు ‘టక్’ అంటారు. ఇంకేం, పెళ్లయిపోయినట్టే. బాజాలు వినిపించాయి, చాలు. మూడు ముళ్లూ పడ్డాయో లేదో చూసే ఓపిక ఎవరికుంది?

తమరి కాపురం ఎక్కడో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ఐదో చక్రమన్నమాట. తీరా చూస్తే దొర్లేదీ లేదు, పొర్లేదీ లేదు. గుర్రపు నాడాలా చీలిన ఇనుప పళ్లెం, ఒళ్లంతా గ్రీజు. ట్రైలర్ ముక్కు కింద వేలాడే కింగ్‌పిన్ ఆ చీలికలోంచి జారి దాని గొంతులో కూర్చోవాలి. దవడలు పట్టుకునే చోట ఆ పిన్ను మందం రెండంగుళాలు. అంత సరుకూ ఆ రెండంగుళాల వెంటే రావాలి. (లాగే బండిని పుస్తకాల్లో ట్రాక్టర్ అంటారు. ఆ మాట ఎత్తితే మనవాళ్లు నాగలి ఏదని అడుగుతారు కాబట్టి నేను ముందు బండి అనే అంటాను.)

దవడలు పట్టాల్సింది పిన్ను మెడను. ట్రైలర్ ఉండాల్సిన దానికంటే ఎత్తులో నిలబడి ఉంటే పిన్ను పూర్తిగా దిగదు, దాని కింది అంచు దవడల మీదో మధ్యనో ఇరుక్కుంటుంది. అప్పుడూ దవడలు కదులుతాయి. అప్పుడూ తమరు అదే గొంతుతో, అదే ధీమాతో ‘టక్’ అంటారు. తగిలినా టక్కే, తగలకపోయినా టక్కే. టక్కు అంటే మోసమని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రాత్రి తమరికి గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. వాన పడుతోంది. తమరు పలికారు. నేను దిగాను, బ్రేకుల గాలి పైపులు తగిలించాను, కరెంటు వైరు గుచ్చాను, హ్యాండిల్ తిప్పి తిప్పి, ముందు బండి లేనప్పుడు ట్రైలర్‌ను నిలబెట్టే కాళ్లు పైకి లేపాను. అంతసేపు పక్కనే ఉండి కూడా ఒక్కసారి కిందికి వంగలేదు, ప్యాంటుకు బురదవుతుందని. బండి యార్డు గేటు దాకా కూడా పోలేదు. వెనక ‘దబ్’మంది. ఇది తమరి గొంతు కాదు. ట్రైలర్ ముక్కు వచ్చి ముందు బండి ఛాసిస్ మీద కూలబడింది. పైపులు తాళ్లలా బిగుసుకుని ఒకటి తెగింది, బుస్సున గాలి పోయింది. గాలి పోగానే స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేశాయి కాబట్టి ట్రైలర్ అక్కడే ఆగింది. కాస్త ఆలస్యంగా, రోడ్డెక్కాక జరిగి ఉంటే ఈ ఉత్తరం వేరేవాళ్లు రాసేవాళ్లు.

ఓ పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చాడు. “ఏం తమ్ముడూ, చూశావా?” అన్నాడు.

“టక్ అన్నదన్నా.”

“అది అన్నది సరే. నువ్వేం చూశావ్?”

నా దగ్గర జవాబు లేదు. తమరైనా ఒక ‘టక్’ అని నన్ను కాపాడొచ్చు కదా, అప్పుడు మాత్రం నోరు మెదపలేదు.

అప్పట్నుంచి తమరికి మర్యాద తగ్గించాను, ఏమనుకోకండి. కిందికి దూరకముందే ఎత్తు చూస్తున్నాను. ట్రైలర్ ఫిఫ్త్ వీల్ కంటే పిసరంత కిందుగా ఉండాలి, బండి దూరుతూ దాన్ని కాస్త పైకెత్తాలి. మరీ కిందుగా ఉంటే ట్రైలర్ ముక్కు పగులుతుంది. తమరు పలికాక టార్చి తీసుకుని వంగుతాను. పళ్లానికీ ట్రైలర్ అడుగు రేకుకూ మధ్య అవతలి వెలుతురు కనపడకూడదు. కనపడిందంటే ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నట్టే. తర్వాత వెనక నుంచి గొంతులోకి చూస్తాను, దవడలు మెడ చుట్టూ మూసుకున్నాయా అని. లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయిందా అని. ట్రైలర్ బ్రేకులు వేసి ముందు బండితో మెల్లగా లాగి కూడా చూస్తాను. లాగితే ఊడి రాలేదు కాబట్టి తగిలినట్టే అనేవాళ్లున్నారు. వాళ్లు తమరి శిష్యులే. ఇరుక్కున్న అంచు ఆ ఒక్క లాగుడుకు ఆగుతుంది, తర్వాత గుంతలో పడ్డప్పుడు వదిలేస్తుంది.

విడదీసేటప్పుడు తమరి పెత్తనం కొంచెం తక్కువే. అక్కడ మా మొండితనమే చాలు. హ్యాండిల్ రాకపోతే నడుం పట్టేసేలా లాగుతాం, బండిని ఒక్క పిసరు వెనక్కి నొక్కితే దవడల మీద బరువు తగ్గి తేలిగ్గా వస్తుందని తెలిసి కూడా. ఎండకు మెత్తబడిన తారు మీద కాళ్లు దించేస్తాం, కింద పలక వేయం. ఇక పిన్ను వదలగానే ఒకటే పరుగు. ఛాసిస్ ఇంకా ట్రైలర్ కిందే ఉండగా ఆగి, కాళ్లు నిలిచాయో లేదో చూసి కదిలితే పోయేది నిమిషం. ఆ నిమిషం మిగుల్చుకుని మళ్లీ టీ దగ్గర అరగంట కూర్చుంటాం.

ఉంటాను. ఇంకో ట్రైలర్ కాచుకుని ఉంది. వెనక్కి వస్తున్నాను, తమరు తమరి పని కానివ్వండి.

అదిగో, అననే అన్నారు. ఆగండి, టార్చి ఎక్కడ పెట్టానో.

ఇట్లు,
ప్యాంటుకు బురద అలవాటైన ఓ డ్రైవర్