సైన్ ముందు అంకె, సైన్ లోపలి అంకె

నిన్న రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసి ఒకటే గొడవ. "మామయ్యా, 3 సైన్ 2ఎక్స్‌కి ఫ్రీక్వెన్సీ 2 అని రాస్తే తప్పు కొట్టారు. క్లాసులో చెప్పింది అదే కదా!" నిజమే, అదే చెప్పి ఉంటారు. నాకూ అదే చెప్పారు. ముందున్న అంకె యాంప్లిట్యూడ్ (మధ్యగీత నుంచి అల ఎత్తు), లోపలున్న అంకె ఫ్రీక్వెన్సీ, రాసుకోండి, తర్వాతి లెక్క. ఆ ఒక్క ముక్క మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

లోపలి అంకె ఫ్రీక్వెన్సీ కాదండీ. ఎక్స్ సున్నా నుంచి 2పై దాకా, అంటే 360 డిగ్రీల దాకా వెళ్లేలోపు ఎన్ని అలలు పూర్తవుతాయో చెప్పే సంఖ్య అది. ఫ్రీక్వెన్సీ అంటే ఎక్స్ ఒక్క యూనిట్ కదిలితే ఎన్ని అలలో. అది కావాలంటే ఆ సంఖ్యని 2పైతో భాగించాలి. అంటే ఆ పిల్ల రాయాల్సింది 1 బై పై. "ఇంత చిన్న తేడాకి ఇంత రాద్ధాంతమా" అంటారేమో, కరెంటునే చూడండి. 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 అలల సరఫరాకి సమీకరణం రాస్తే సైన్ లోపల కాలం పక్కన వచ్చేది 100పై, దాదాపు 314. క్లాసులో చెప్పినట్టు చదివితే ఫ్రీక్వెన్సీ 314 అనాలి! ఆ 314 పేరు కోణీయ పౌనఃపున్యం (యాంగులర్ ఫ్రీక్వెన్సీ). ముందున్న అంకెతోనూ తంటానే. 230 వోల్టులు అనగానే యాంప్లిట్యూడ్ 230 అనుకుంటాం. 230 అనేది ఆర్ఎంఎస్ విలువ, అంటే ఒకరకం సగటు. అల శిఖరం దానికి రూట్ 2 రెట్లు, సుమారు 325.

అసలు తెలుగు పదాల్లోనే విషయం ఉంది, మనమే భయపడి వదిలేశాం. యాంప్లిట్యూడ్‌కి కంపన పరిమితి: ఊగేది మధ్యగీత నుంచి ఎంత దూరం పోగలదో ఆ హద్దు. ఫ్రీక్వెన్సీకి పౌనఃపున్యం: పునః పునః, మళ్లీ మళ్లీ. పలకడానికి నాలుక మెలిక పడుతుంది, ఒప్పుకుంటాను.

ఇక పిల్లలందరినీ తికమక పెట్టేది వేరే ఉంది. సైన్ ముందు 2 పెడితే గ్రాఫ్ నిలువుగా రెట్టింపవుతుంది. లోపల 2 పెడితే అడ్డంగా సగమైపోతుంది. ఎందుకిలా తిరగబడింది? పీరియడ్ (ఒక అల పూర్తవడానికి ఎక్స్ కదలాల్సిన దూరం) అంటే 2పై బై బి, బి అంటే లోపలి అంకె, అని సూత్రం బట్టీ పట్టిస్తారు కానీ, ఈ ప్రశ్నకి జవాబు చెప్పరు. జవాబు చాలా మామూలుది. సైన్‌కి ఎక్స్‌తో పనిలేదు, తన లోపలికి వచ్చే కోణంతోనే పని. ఆ కోణం 360 డిగ్రీలు తిరిగితే ఒక అల పూర్తయినట్టు. లోపల 2ఎక్స్ ఉంటే, ఎక్స్ 180కి చేరేసరికే కోణం 360 తిరిగేసింది. అల అక్కడే ముగిసింది. లోపల సగం ఎక్స్ ఉంటే 720 దాకా ఆగాలి. ఇది అర్థమైతే ఆ సూత్రం ఎవరికి వారే రాసుకుంటారు.

యాంప్లిట్యూడ్, ఫ్రీక్వెన్సీల్లో ఒకదాన్ని మారిస్తే రెండోది కదలదని మాత్రం పాట వింటే చాలు, తెలిసిపోతుంది. వాల్యూమ్ పెంచితే శ్రుతి మారదు. 440 హెర్ట్జ్ స్వరం ఎంత గట్టిగా మోగినా 440 దగ్గరే ఉంటుంది. 880కి వెళితే పై స్థాయిలో అదే స్వరం, మెల్లగా వినిపించినా సరే.

యాంప్లిట్యూడ్ గురించి అడిగే మెలిక ప్రశ్నల మీద మాత్రం నాకు కోపం లేదు, అవి మంచివి. 5 + 3 సైన్ ఎక్స్ గరిష్ఠం 8, కనిష్ఠం 2. యాంప్లిట్యూడ్ 8 కాదు, ఆ రెండింటి తేడాలో సగం, అంటే 3. ముందు మైనస్ 3 ఉన్నా యాంప్లిట్యూడ్ 3నే, అల తలకిందులవుతుందంతే. టాన్‌కి యాంప్లిట్యూడే లేదు. పైకీ కిందికీ హద్దే లేనిదానికి పరిమితి ఎక్కడిది? నాకు బాగా నచ్చేది 3 సైన్ ఎక్స్ + 4 కాస్ ఎక్స్. అందరూ 7 అంటారు. సైన్ శిఖరం మీదున్నప్పుడు కాస్ సున్నాలో ఉంటుంది, ఇద్దరూ ఒకేసారి పైకి రారు, కాబట్టి 7 ఎప్పటికీ రాదు. వచ్చేది 5. అవును, 3, 4, 5 లంబకోణ త్రిభుజమే మళ్లీ ప్రత్యక్షం.

ఇదంతా చెప్పి, సైన్ స్క్వేర్ ఎక్స్ గీసి పంపమన్నాను. పావుగంటలో ఫొటో పెట్టింది. అల సున్నాకీ ఒకటికీ మధ్యే ఊగుతోంది, యాంప్లిట్యూడ్ సగం, 360 డిగ్రీల్లో ఒకటికి బదులు రెండు అలలు. కింద చిన్న అక్షరాలతో, "మామయ్యా, మరి సైన్ క్యూబ్‌కి ఎందుకు రెట్టింపు అవ్వట్లేదు?" అని. నేను అడగకుండానే అదీ గీసిందన్నమాట. టైము చూశాను, పదకొండున్నర. మైనస్‌ని స్క్వేర్ చేస్తే ఏమవుతుందో, క్యూబ్ చేస్తే ఏమవుతుందో చూడమని చెప్పి పడుకున్నాను.